ముక్క పడలేదా, ఆట రాలేదా? – పోకర్ నేర్చుకున్నవాళ్ళ కథ

ఒక సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నా బ్యాగులోంచి మాసిన బట్టలు తీస్తూ తీస్తూ అమ్మ ఒక పుస్తకం బయటికి లాగింది. అట్ట మీద పేకముక్కలు. "ఏంట్రా ఇది?" అంది. "లెక్కల పుస్తకం లాంటిదేనమ్మా" అన్నాను. అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. అమ్మ ఇంకేం వాదించలేదు. పుస్తకాన్ని మంచం మీద బోర్లా పెట్టి, "మన ఇంటికి మీ బాబాయి ఒక్కడు చాలు నాన్నా" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బాబాయి సంగతి చెప్పకపోతే ఈ గోలంతా ఎందుకో మీకు అర్థం కాదు. రెండెకరాల మాగాణి ఉండేది ఆయనకి. సాయంత్రం ఐదయ్యేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లబ్బుకి బయల్దేరేవాడు. పదమూడు ముక్కలాట, అదయ్యాక మూడు ముక్కలాట. తెల్లారగట్ల ఇంటికొచ్చి, ఓడిపోయిన రోజున "ముక్క పడలేదురా" అనేవాడు. గెలిచిన రోజున మా పిల్లలందరికీ మిఠాయి పొట్లం తెచ్చేవాడు. ఆ రోజు మాత్రం "ఆటంటే అలా ఆడాలి" అనేవాడు. ఓడితే తప్పు ముక్కది, గెలిస్తే గొప్ప తనది. రెండెకరాలూ పదేళ్ళలో అయిపోయాయి.

చిన్నప్పుడు ఈ తేడా నాకు తట్టలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో అగ్గిపుల్లలు పందెం కాసి పోకర్ ఆడటం మొదలెట్టాక తట్టింది. ఎందుకంటే మొదటి సెమిస్టరంతా నేనూ అచ్చం అదే మాట అన్నాను. "ముక్క పడలేదు మామా" అని. రెండో సెమిస్టర్లో నా రూమ్మేట్ ఒకడు ఒక తెల్ల నోటుబుక్కు తెచ్చి, ప్రతి రాత్రీ ఎవడు ఎన్ని పుల్లలు గెలిచాడో, ఎన్ని ఓడాడో రాయడం మొదలెట్టాడు. నెల తిరిగేసరికి తెలిసింది, ఆ గదిలో అందరికంటే ఎక్కువ ఓడేది నేనని. నెలంతా నాకొక్కడికే ముక్క పడకపోవడం ఏమిటి?

ఈ ప్రశ్న వేసుకున్నవాళ్ళ చరిత్రే పోకర్ చరిత్ర అని నా అభిప్రాయం. అదెలాగో చెప్పడానికే ఈ టపా. ముందే చెప్తున్నా, ఇది చదివి ఎవరూ డబ్బులు పెట్టి ఆడొద్దు. ఎందుకొద్దంటున్నానో చివర్లో చెప్తా.

ముందుగా మనవాళ్ళ దగ్గర్నుంచే మొదలెడదాం. ఆటలో మెరుగవడం అనే విషయం మీద నాకు తెలిసినంతలో పాత కథ నలుడిది. నన్నయ అరణ్యపర్వంలో చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నలుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యమంతా పోగొట్టుకున్నాడు. తర్వాత బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర రథసారథిగా చేరాడు. ఒకసారి దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్రచెట్టుని చూసి దానికి ఆకులెన్నో కాయలెన్నో చటుక్కున చెప్పేశాడు. నలుడు నమ్మలేదు, రథం ఆపి దిగి లెక్కపెట్టి చూశాడు. సరిగ్గా సరిపోయింది. ఆ విద్య పేరు అక్షహృదయం. తనకి తెలిసిన అశ్వహృదయం ఇచ్చి దాన్ని నేర్చుకున్నాడు. అది వంటబట్టగానే అప్పటిదాకా పట్టి పీడించిన కలి ఒంట్లోంచి బయటికి పోయాడట. తర్వాత వెళ్ళి పుష్కరుణ్ణి ఓడించాడు.

ఈ కథ చెప్పింది బృహదశ్వుడు, విన్నది ధర్మరాజు. కథ చివర్లో ధర్మరాజు కూడా బృహదశ్వుడి దగ్గర ఆ అక్షహృదయం నేర్చుకున్నాడు. నాకు ఇందులో నచ్చిన విషయం ఒకటుంది. జూదంలో ఓడినవాడికి ఋషి "ఇంకోసారి దేవుణ్ణి గట్టిగా మొక్కుకుని ఆడు" అని చెప్పలేదు. లెక్క నేర్పాడు. చెట్టు కింద నిలబడి ఆకులు లెక్కపెట్టే విద్య అది. తాండ్రకాయలు, అంటే మన త్రిఫల చూర్ణంలో వేసే తానికాయలే, వేదకాలంలో పాచికలుగా వాడేవాళ్ళు కాబట్టి చెట్టు ఎంపిక కూడా ఊరికే కాదు. కాకపోతే పుష్కరుణ్ణి ఒక్క పందెంలో ఓడించాడు కదా, ఒక్క పందెంతో ఎవరికి ఆట వచ్చో తేల్చడం కుదరదు నలుడుగారూ అని నాలోని ఇంజనీరు గొణుగుతూ ఉంటాడు :-)

సరే, పోకర్ సంగతికొద్దాం. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. ఇప్పుడు ఎక్కువగా ఆడే టెక్సాస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కడికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో ముందు మూడు, తర్వాత ఒకటి, తర్వాత ఇంకొకటి తెరిచి పెడతారు. మొత్తం ఏడు ముక్కల్లోంచి మంచి అయిదు ఏరుకోవాలి. మధ్యమధ్యలో నాలుగుసార్లు పందెం. రమ్మీలో చెయ్యి బాగోలేకపోతే 20 పాయింట్లిచ్చి డ్రాప్ అయిపోతాం చూడండి, ఇక్కడ కూడా అలాగే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు, దాన్ని ఫోల్డ్ అంటారు. రమ్మీలో లేనిదీ ఇక్కడ ఉన్నదీ ఒకటుంది. మన దగ్గర చెత్త ముక్కలున్నా సరే, గట్టిగా పందెం కాసి అవతలివాళ్ళందరూ పడేసేలా చేస్తే డబ్బంతా మనదే. ముక్కలు చూపించక్కర్లేదు. అదే బ్లఫ్.

పోకర్ పుట్టింది అమెరికాలో, 19వ శతాబ్దం మొదట్లో, న్యూ ఆర్లియన్స్ ప్రాంతంలో. అక్కణ్ణుంచి మిసిసిపి నది మీద తిరిగే ఆవిరి పడవలెక్కి పైకి పాకింది. మొదట్లో 20 ముక్కలతోనే ఆడేవాళ్ళు, 52 ముక్కలు తర్వాత వచ్చాయి. ఆ రోజుల్లో పోకర్‌లో "నైపుణ్యం" అంటే ఏమిటో తెలుసా? మోసం. గుర్తులు పెట్టిన ముక్కలు, చేతికింద దాచిన ఆసు, అవతలివాడి వెనక నిలబడి సైగ చేసే మనిషి. జోనథన్ గ్రీన్ అని ఒక జూదగాడు మనసు మార్చుకుని 1843లో ఆ గుట్టంతా బయటపెడుతూ పుస్తకమే రాశాడు. మా ఊరి క్లబ్బులోనూ రాత్రి పన్నెండు దాటాక జరిగేది అదేనని అమ్మ అనుమానం. నాకు ఋజువుల్లేవు కాబట్టి అది వదిలేస్తున్నా.

మోసం కాకుండా ఆటలోనే ఏదో లెక్క ఉందని పట్టుకున్నది జూదగాళ్ళు కాదు, గణితం మాస్టార్లు. హంగరీలో పుట్టిన జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో ఆటల సిద్ధాంతం మీద ఒక వ్యాసం రాశాడు. కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళు మొదటి సంవత్సరంలోనే వినే పేరు, మన కంప్యూటర్ల నిర్మాణానికి ఆయన పేరే పెట్టారు కదా. 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పెద్ద పుస్తకంలో పోకర్‌కి ప్రత్యేకంగా ఒక భాగమే ఇచ్చాడు. చదరంగం ఆయన్ని అంతగా ఆకట్టుకోలేదు. చదరంగంలో అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. బతుకులో అలా ఉండవు. అవతలివాడి చేతిలో ఏముందో తెలియదు, మన చేతిలో ఏముందని వాడు అనుకుంటున్నాడో అదీ తెలియదు.

ఆయన చెప్పిన దాంట్లో నా కళ్ళు తెరిపించిన విషయం ఒకటుంది. బ్లఫ్ అనేది ధైర్యానికో తెలివికో సంబంధించినది కాదు, లెక్కకి సంబంధించినది. ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. మధ్యలో 100 రూపాయలున్నాయి. ఆఖరి పందెం. నేను ఇంకో 100 కాశాను. మీరు చూడాలంటే 100 పెట్టాలి, గెలిస్తే 200 వస్తాయి. అంటే మూడుసార్లలో ఒక్కసారి నేను అబద్ధమాడుతున్నా చాలు, చూసినా చూడకపోయినా మీకు ఒకటే. కాబట్టి నేను ఆడాల్సిన పద్ధతి, రెండు నిజమైన చేతులకి ఒక బ్లఫ్. అంతకన్నా తక్కువ బ్లఫ్ చేస్తే మీరు హాయిగా పడేస్తారు, నా మంచి చేతికి డబ్బు రాదు. అంతకన్నా ఎక్కువ చేస్తే మీరు ప్రతిసారీ చూస్తారు, నా జేబు ఖాళీ. బ్లఫ్ అసలెప్పుడూ చెయ్యనివాడు నిజాయితీపరుడేమో గానీ మంచి ఆటగాడు కాదు.

1950లో హెరాల్డ్ కూన్ అనే ఆయన దీన్నే ఇంకా చిన్నది చేసి, మూడే మూడు ముక్కలతో ఇద్దరాడే పోకర్ తయారుచేసి, కాగితం మీదే పూర్తిగా విప్పి చూపించాడు. అదే ఏడాది జాన్ నాష్ తన డాక్టరేట్ వ్యాసంలో ముగ్గురాడే పోకర్‌ని ఉదాహరణగా తీసుకున్నాడు. హాలీవుడ్ సినిమా చూసి నాష్‌ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఈ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

తమాషా ఏమిటంటే, ఈ పెద్దమనుషులు రాసింది బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళెవరూ చదవలేదు. వాళ్ళ దారి వేరు. టెక్సాస్‌లో డోయల్ బ్రన్సన్ అని ఒకాయన ఉండేవాడు. బాస్కెట్‌బాల్ బాగా ఆడేవాడు. సెలవుల్లో పనికెళ్ళిన చోట కాలు విరగడంతో ఆ దారి మూసుకుపోయింది, పేకాటలోకొచ్చాడు. ఇద్దరు నేస్తాలతో కలిసి ఊరూరా తిరుగుతూ ఆడేవాడు. అప్పటికి వాళ్ళకి అందుబాటులో కంప్యూటర్లు లేవు కాబట్టి ఒక చెయ్యి మీద ఇంకో చెయ్యి నూటికి ఎన్నిసార్లు గెలుస్తుందో తెలుసుకోవడానికి వీళ్ళు చేత్తోనే ముక్కలు పంచి, పంచి, గీతలు గీసుకుని లెక్కేసేవాళ్ళు. మా రూమ్మేట్ నోటుబుక్కుకి తాతన్నమాట!

లాస్ వేగాస్‌లో బెన్నీ బినియన్ తన క్లబ్బులో 1970లో ప్రపంచ పోకర్ సిరీస్ మొదలెట్టాడు. అందులో పెద్ద పోటీని బ్రన్సన్ 1976లో, 1977లో వరసగా గెలిచాడు. రెండుసార్లూ ఆఖరి ఆటలో ఆయన చేతిలో ఉన్నవి ఒక పది, ఒక రెండు. మామూలుగా చూస్తే చెత్త ముక్కలు. ఇప్పటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. అది చూసి పది-రెండు వస్తే అదృష్టమని ఆడేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో! గెలిచాడు కాబట్టి ఆ ముక్కలు మంచివనుకోవడం, మా బాబాయి లాజిక్కే.

1978లో బ్రన్సన్ తనకి తెలిసినదంతా పుస్తకంగా అచ్చేయించాడు. ఒక్కో ఆట గురించి ఆ ఆటలో దిట్ట అయినవాడి చేత రాయించాడు. ధర 100 డాలర్లు, ఆ రోజుల్లో. "సూపర్ సిస్టమ్" అన్న పేరుతో అది పోకర్‌వాళ్ళకి పెద్దబాలశిక్ష అయిపోయింది. అందులో పాలుపంచుకున్న డేవిడ్ స్క్లాన్‌స్కీ అంతకుముందే 1976లో హోల్డెమ్ మీద పుస్తకం రాశాడు, తర్వాత 1987లో "ద థియరీ ఆఫ్ పోకర్" తెచ్చాడు. ఆయన చెప్పిన మూలసూత్రం నా మాటల్లో ఇదీ. అవతలివాడి ముక్కలు కనబడుతుంటే నువ్వు ఎలా ఆడేవాడివో అలా ఆడినప్పుడల్లా నీకు లాభం, అలా కాకుండా ఆడినప్పుడల్లా వాడికి లాభం. ఇందులో "గెలిచావా, ఓడావా" అన్న మాటే లేదు, గమనించారా? లాభం అనేది నువ్వు నిర్ణయం తీసుకున్న క్షణంలోనే ఉంది. ఆ తర్వాత ఏ ముక్క తిరిగింది అన్నది వేరే సంగతి.

తర్వాతి మలుపు టీవీది, ఇంటర్నెట్‌ది. 1999లో బ్రిటన్‌లో చానల్ 4వాళ్ళు బల్ల అంచులో అద్దం బిగించి, ఆటగాళ్ళ మూసిన ముక్కల్ని ప్రేక్షకులకి చూపించడం మొదలెట్టారు. అప్పటిదాకా పోకర్ చూడటమంటే నలుగురు మనుషులు తల గోక్కుంటుంటే చూడటమే. ఇప్పుడు బ్లఫ్ జరుగుతుండగా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. 2003లో టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు, నిజంగా ఇంటిపేరే అది, ఇంటర్నెట్‌లో వంద డాలర్ల లోపు పెట్టి ఆడిన పోటీ ద్వారా ప్రపంచ సిరీస్‌కి వెళ్ళి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఏడాది పెద్ద పోటీలో 839 మంది ఆడారు. 2006కి వచ్చేసరికి 8,773 మంది.

ఇంటర్నెట్ పోకర్ తొలిరోజుల్లోది మనలాంటి ప్రోగ్రామర్లకి నచ్చే పిట్టకథ ఒకటుంది. ఒక సైటువాళ్ళు మా ఆటలో మోసం లేదు చూస్కోండని ముక్కలు కలిపే అల్గారిథంని అందరికీ చూపించారు. 52 ముక్కల్ని ఎన్ని రకాలుగా కలపొచ్చో లెక్కేస్తే 68 అంకెల సంఖ్య వస్తుంది. వీళ్ళ ప్రోగ్రాంలో సీడ్ 32 బిట్లే, అంటే దాదాపు 429 కోట్ల రకాలు మాత్రమే. పైగా ఆ సీడ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకండ్లు గడిచాయన్నది! రోజుకి 8.64 కోట్ల మిల్లీసెకండ్లే కదా. 1999లో కొందరు సెక్యూరిటీ ఇంజనీర్లు సర్వర్ గడియారంతో తమ గడియారం కలుపుకుని, దాన్ని 2 లక్షల రకాలకి కుదించారు. తమ రెండు ముక్కలూ, బల్ల మీది మొదటి మూడు ముక్కలూ చూడగానే మిగతా అందరి ముక్కలూ తెలిసిపోయాయి. వాళ్ళు దాన్ని దోచుకోవడానికి వాడలేదు, బయటపెట్టారు. అక్షహృదయం అంటే ఇదే కాబోలు.

ఇంటర్నెట్ వల్ల జరిగిన అసలు మేలు నోటుబుక్కు. ఆడిన ప్రతి చెయ్యీ కంప్యూటర్లో రికార్డయ్యేది. వాటిని దాచిపెట్టి విశ్లేషించే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఎక్కడ కూర్చున్నప్పుడు ఓడుతున్నావు, ఏ ముక్కలతో ఓడుతున్నావు, అన్నీ అద్దంలో చూపించేవి. బల్ల దగ్గర గంటకి 30 చేతులు ఆడితే గొప్ప. ఇంటర్నెట్‌లో నాలుగైదు బల్లలు ఒకేసారి తెరిచిన కుర్రాళ్ళు గంటకి వందల్లో ఆడేవాళ్ళు. బ్రన్సన్ దశాబ్దాల్లో చూసిన చేతుల్ని ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఒకట్రెండేళ్ళలో చూసేశాడు.

ఎన్ని చేతులు చూస్తే నిజం తెలుస్తుంది? ఇది నేను కూర్చుని లెక్కేశాను. ఒక మంచి ఆటగాడు 100 చేతులకి సగటున 5 బెట్లు గెలుస్తాడనుకుందాం. అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 100 చేతులకి 90 బెట్లు అనుకుందాం. పోకర్‌లో ఇది మామూలే. 10,000 చేతులు ఆడాక ఇలాంటి మంచి ఆటగాళ్ళు వందమందిలో 29 మంది ఇంకా నష్టంలోనే ఉంటారు! 1,00,000 చేతులు ఆడాక కూడా ఓ నలుగురు నష్టంలోనే ఉంటారు. నమ్మకం కుదరక చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసి మళ్ళీ చూశాను. అంతే వచ్చింది.

ఇప్పుడు దీన్ని మా ఊరి క్లబ్బుకి అన్వయించండి. గంటకి 30 చేతుల లెక్కన 10,000 చేతులకి 333 గంటలు. వారానికి నాలుగు గంటలు ఆడేవాడికి ఏడాదిన్నర పైనే. అన్నాళ్ళు ఆడినా గెలుపోటముల్ని బట్టి ఆట వచ్చో రాదో సరిగ్గా చెప్పలేం. మరి ఒక్క రాత్రి మిఠాయి పొట్లం చూసి ఏం చెప్తాం? ఫలితం చూసి నిర్ణయాన్ని తూచే ఈ జబ్బుకి పోకర్‌వాళ్ళు "రిజల్టింగ్" అని పేరు కూడా పెట్టారు. ఆటగత్తె యానీ డ్యూక్ 2018లో రాసిన "థింకింగ్ ఇన్ బెట్స్" చాలావరకు దీని గురించే. రాత్రి తాగి బండి నడిపి క్షేమంగా ఇంటికొచ్చినవాడు మంచి నిర్ణయం తీసుకున్నట్టు కాదు కదా.

ఇక ఆఖరి అంకం కంప్యూటర్లది. కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంవాళ్ళు 1990ల నుంచే పోకర్ ప్రోగ్రాంలు రాస్తున్నారు. 2007లో వాళ్ళు ఒక పద్ధతి బయటపెట్టారు. ప్రోగ్రాం తనతో తానే కోట్లసార్లు ఆడుతుంది. ప్రతి ఆట తర్వాత "అక్కడ అలా కాకుండా ఇలా ఆడి ఉంటే ఎంత వచ్చేది?" అని లెక్కేసుకుంటుంది. ఆ పశ్చాత్తాపం ఎక్కువున్న వైపు తర్వాతిసారి కొంచెం ఎక్కువ మొగ్గుతుంది. అంతే. పశ్చాత్తాపాన్ని కూడా అంకెల్లో పెట్టొచ్చని నాకు అంతవరకూ తెలియదు. 2015 జనవరిలో సెఫియస్ అనే ప్రోగ్రాం, 4,800 ప్రాసెసర్ల మీద 68 రోజులు నడిచి, ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ని దాదాపు పూర్తిగా విప్పేసిందని ప్రకటించారు. జీవితమంతా దానితో ఆడినా, దాని ఆటలో లోపముందని మీరు నమ్మకంగా చెప్పలేరు.

పందేనికి హద్దులేని నో లిమిట్ ఆట ఇంకా కష్టం. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని ఒక క్యాసినోలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవాళ్ళ లిబ్రాటస్, నలుగురు ఉద్దండులతో 20 రోజులపాటు 1,20,000 చేతులు ఆడింది. ఈ నలుగురూ పగలు ఆడి, రాత్రి కూర్చుని దాని లోపాలు వెతికేవాళ్ళు. అది కూడా అదే పని చేసేది! తన ఆటలో వాళ్ళు ఎక్కడ వేలు పెడుతున్నారో చూసుకుని, రాత్రికి రాత్రి ఆ కన్నాలు పూడ్చుకునేది. చివరికి 17,66,250 చిప్స్ తేడాతో గెలిచింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురాడే ఆటలోనూ నిపుణుల్ని మించింది. దానికి శిక్షణ ఇవ్వడానికి అయిన క్లౌడ్ ఖర్చు 150 డాలర్ల పాటిదేనట.

ఈ ప్రోగ్రాంలకి మొహం చూసి మనసు చదవడం రాదు. అదృష్టం మీద నమ్మకం లేదు. ఓడితే కోపం రాదు, పోయింది రాబట్టుకుందామన్న తొందర లేదు. అంటే మా బాబాయి దగ్గర ఉన్నవేవీ వాటి దగ్గర లేవన్నమాట. ఇప్పుడు పోకర్ నేర్చుకునేవాళ్ళు సాల్వర్ అనే ఇలాంటి ప్రోగ్రాంలని పక్కన పెట్టుకునే నేర్చుకుంటున్నారు. ఆట అయ్యాక దాన్ని అడుగుతారు, "ఇక్కడ ఏం చెయ్యాల్సింది?" అని. నలుడికి ఋతుపర్ణుడు దొరికినట్టు.

ఇంత చరిత్ర చెప్పి మరి ఎందుకు ఆడొద్దంటున్నానంటే, ఇక్కడే ఒక మెలిక ఉంది.

మన దగ్గర పేకాట గురించి ఎప్పుడు గొడవ వచ్చినా "ఇది నైపుణ్యమున్న ఆటా, అదృష్టం ఆటా?" అన్న దగ్గరే తిరుగుతుంది. ఈ వాదానికి మూలం మన ఊళ్ళోదే. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆటేనని, మూడు ముక్కలాట మాత్రం అలా కాదని చెప్పింది. తర్వాత రమ్మీ సైట్లూ పోకర్ సైట్లూ చాలా ఏళ్ళు పట్టుకుని వేలాడింది ఈ మాటనే. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్‌లో డబ్బు ఆటలన్నిటినీ వద్దంది.

చట్టం మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్ళను. కానీ "నైపుణ్యమున్న ఆట కాబట్టి పర్లేదు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు వొళ్ళు మండుతుంది. పోకర్ నైపుణ్యమున్న ఆటే, సందేహం లేదు. పైన చెప్పిందంతా దాని సాక్ష్యమే. కానీ దానర్థం ఏమిటి? పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆటలో, క్లబ్బువాడు తీసుకునే వాటా పక్కన పెడితే, రానివాడికీ వచ్చినవాడికీ అవకాశం సమానం. నైపుణ్యమున్న ఆటలో ఆట రానివాడు తప్పకుండా ఓడతాడు. ఈ రాత్రి కాకపోతే రేపు రాత్రి. పోకర్ బల్ల మీద డబ్బు పుట్టదు. ఒకడు గెలిచిందంతా ఇంకొకడు ఓడిందే, పైగా ప్రతి పందెంలోంచీ క్లబ్బుకో సైటుకో వాటా పోతుంది. ఆట నేర్చుకున్నవాళ్ళు పెరిగేకొద్దీ, నోటుబుక్కు లేనివాడు ఇంకా తొందరగా ఖాళీ అవుతాడు. నైపుణ్యం అన్న మాట మా బాబాయికి రక్షణ కాదు, ఆయన పొలం పోవడానికి కారణం.

అయితే పోకర్ నేర్పే పాఠాలు పేకముక్కలు లేకుండా కూడా పనికొస్తాయి. లెక్క రాసుకోవడం, ముఖ్యంగా ఓడినప్పుడు. ఫలితం రాకముందే "నేను ఇది ఎందుకు చేస్తున్నాను" అని ఒక లైను రాసిపెట్టుకోవడం. పోయినదాన్ని రాబట్టుకోవాలన్న తొందర పుట్టిన రాత్రి లేచి వెళ్ళి పడుకోవడం. చెయ్యి బాగోలేనప్పుడు 20 పాయింట్లిచ్చి డ్రాప్ అవ్వడం సిగ్గుపడాల్సిన పని కాదని తెలుసుకోవడం. ఆఫీసులో రిలీజ్ ముందు రోజు "ఏమీ కాదులే" అని టెస్టులు మానేసి, అదృష్టం కొద్దీ ఏమీ కాకపోతే "మనం కరెక్టే" అనుకునే టీములో నేనూ ఉన్నాను. ఇప్పుడు లేను.

ఆ సంక్రాంతికే, కనుమ రోజు మధ్యాహ్నం, అరుగు మీద బాబాయి పక్కన కూర్చున్నాను. ఆయనిప్పుడు ఆడట్లేదు, ఆడటానికేమీ లేదు కూడా. మెల్లిగా అడిగాను, "బాబాయ్, నువ్వు వంద రాత్రులాడితే ఎన్ని రాత్రులు గెలిచుంటావు?"

చాలాసేపు ఆలోచించాడు. "ఎన్నో చెప్పలేను గానీ, గెలిచినవన్నీ గుర్తున్నాయిరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు, ఎవరి ఎదురుగా కూర్చుని, ఏ జోకరు తిరిగితే, ఎలా షో కొట్టాడో. ఒక్కటీ మర్చిపోలేదు. ఓడినవాటి గురించి నేనడగలేదు.

లోపలికెళ్ళాక అమ్మ నా పుస్తకాన్ని తిరిగి బ్యాగులో సర్దేసి ఉంచింది. దానితోపాటు మా హాస్టల్ నోటుబుక్కు కూడా ఉందని, అందులో మొదటి పేజీ నిండా నేను ఓడిన అగ్గిపుల్లల లెక్కలేనని ఆవిడకి చూపించాను. కాసేపు చూసి, "ఇది మీ బాబాయి ఇరవయ్యేళ్ళ కింద రాసుంటే బాగుండేదిరా" అంది.